నాడియా? ఊపిరియా?



రెండేండ్ల క్రిందట మా అన్నగారికి పిత్తాశయములో రాళ్లు చేరి శస్త్రచికిత్స చేయవలసి వచ్చెను. ముందునాటి సాయంకాలము మత్తు ఇచ్చెడి వైద్యుడు మంచము వద్దకు వచ్చి, పండ్లు కదలుచున్నవా, చుట్ట త్రాగు అలవాటు కలదా, ఇంతకుముందెన్నడైన మత్తు తీసికొంటిరా యని ఒక్కొక్కటిగా అడిగి వ్రాసికొనెను. మా అన్నగారు అన్నిటికిని సమాధానము చెప్పి, తుదకు తామొక ప్రశ్న వేసిరి: "బాబూ, ఈ మత్తులోనుండి మరల లేవనివారును ఉందురా?"

ఆ వైద్యుడు నవ్వి త్రోసివేయలేదు. "ఉన్నారండీ. నేడు మిక్కిలి అరుదు. ఎందుకు లేవకపోవుదురో తెలిసికొనుటకే వైద్యులకు అరువది యేండ్లకు పైగా పట్టినది. ఆ వ్యాజ్యములో కొంతభాగము మన హైదరాబాదులోనే నడచినది" అనెను.

ఆ మాట నన్ను వదలలేదు. అన్నగారు క్షేమముగా ఇల్లు చేరిన పిమ్మట నేనాకథ వెదకి చదివితిని. నేడు మీకు విన్నవింపబోవునది అదియే.

మత్తుమందు లేని కాలమున శస్త్రచికిత్స యెట్లుండెడిదో చెప్పి మిమ్ములను బాధింపను. నలుగురు బలిష్ఠులు రోగిని పట్టుకొనగా, కోయువాడు ఎంత వేగముగ కోసిన అంత గొప్పవాడు అనిపించుకొనెడివాడు. 1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరపు ఆసుపత్రిలో మోర్టను అను దంతవైద్యుడు ఈథరు ఆవిరిని పీల్పించి, రోగి నొప్పి యెరుగకుండ శస్త్రచికిత్స జరుగునని పదిమందియెదుట చూపెను. మరుసటి సంవత్సరము నవంబరులో ఎడింబరో నగరమున సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. దాని వాసన తియ్యన. కొలదిగా ఇచ్చిన చాలును. నిప్పంటుకొనదు. మన దేశమునకు మరియొక కారణము కూడ కలదు. ఈథరు ఇంచుమించు 35 డిగ్రీల వేడిలోనే మరుగును. మన వేసవిలో నీడపట్టుననే అంతకు మించిన వేడి యుండును గదా! సీసా మూత తీయగనే మందు ఆవిరియై పోయెడిచోట క్లోరోఫారమునే వైద్యులు నమ్ముకొనిరి.

సింప్సను ప్రకటించి మూడు నెలలు నిండకమునుపే మొదటి ప్రాణము పోయెను. 1848వ సంవత్సరము జనవరి 28వ తేదీన ఇంగ్లాండులో న్యూకాసిలు సమీపమున హానా గ్రీనరు అను పదునైదేండ్ల బాలికకు కాలివ్రేలి గోరు తీయుటకై క్లోరోఫారము పీల్పించిరి. అంతకుముందు ఈథరు తీసికొని ఆమె సుఖముగా లేచినదే. ఈమారు మాత్రము మిగుల భయపడి ఏడ్చుచుండెను. గోరు తీయుట మొదలిడిన కొద్ది నిమిషములలోనే ఆ పిల్ల చనిపోయెను. ఒక కాలిగోరుకొరకు! తెలివి తెప్పించుటకై నోట పోసిన సారాయియు నీరును ఊపిరికి అడ్డుపడి చంపినవని, మందు దోషము కాదని సింప్సను వాదించెను. ఆమె భయపడి ఏడ్చినదన్న మాటను మీరు దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. ఆకాలమున దానినెవ్వరును అంతగా పాటింపలేదు.

ఇట్టి మరణములు ఏటేట జరుగుచుండెను. వైద్యులు రెండు పక్షములైరి. లండనునందు జాన్ స్నో అను వైద్యుడుండెను. విక్టోరియా రాణి ప్రసవమునకు 1853లో క్లోరోఫారమిచ్చినవాడీయనయే. తానిచ్చిన ప్రతి మత్తును పుస్తకములో వ్రాసికొనెడివాడు. అట్లు నాలుగువేలకు పైగా వ్రాసెను. ఇతరుల చేతులలో చనిపోయిన ఏబదిమంది వృత్తాంతములను గూడ కూర్చి, ఒక్కొక్కరు ఎట్లు పోయిరో విమర్శించెను. ఆవిరి గాఢముగా చేరినచో అది తిన్నగా గుండెనే స్తంభింపజేయునని ఆయన నిశ్చయము. ఆయన 1858లో చనిపోయినపిదప ఆ గ్రంథము వెలువడెను. ఎడింబరోలో సైము అను శస్త్రవైద్యుడు దీనికి విరుద్ధముగా బోధించెను. గుండెను చూడకుడు, నాడి ముట్టకుడు, ఊపిరిని మాత్రము కనిపెట్టియుండుడు, ఊపిరి చక్కగా ఆడినంతవరకు భయములేదు అని ఆయన మాట.

ఇది వినుటకు మీకు వింతగా నుండును. మన పల్లెలలో వైద్యుడనగా ముందు మణికట్టు పట్టుకొనువాడు. నాడి ముట్టవలదని చెప్పు వైద్యుని మన తాతలు గడప తొక్కనిత్తురా? కాని సైము శిష్యులు అట్లే నడచిరి. వారిలో ఒకడు ఎడ్వర్డు లారీ. ఆయన హైదరాబాదులో రెసిడెన్సీ వైద్యుడై, నిజాము ప్రభుత్వపు వైద్య పాఠశాలకు అధిపతియై, మూసీనది యొడ్డున అఫ్జల్‌గంజి ఆసుపత్రిలో శస్త్రచికిత్సలు చేయుచుండెను. క్లోరోఫారమిచ్చుటలో ఆయన శిష్యులు గట్టివారు. రూపాబాయి ఫర్దూంజీ అను పారశీక వనిత ఆ పాఠశాలలోనే చదివి మత్తు ఇచ్చుటలో ఆరితేరెను. ఆడుపిల్లలు బడికి పోవుటయే అరుదైన కాలమున ఒక ఆడుబిడ్డ చేతిలో రోగి ఊపిరి నుంచుట, లారీ దొర చేసిన మంచిపనులలో ఒకటి యని నాయభిప్రాయము.

తన ఆసుపత్రిలో వేలకొలది మత్తులిచ్చినను క్లోరోఫారముచే ఒక్కడైన చనిపోలేదని లారీ చెప్పుకొనెడివాడు. అట్టివానికి లండను వైద్యుల గుండెభయము అజ్ఞానముగా తోచుటలో ఆశ్చర్యమేమి? 1888లో ఆయన ప్రోద్బలమున హైదరాబాదులో ఒక విచారణ సంఘము ఏర్పడెను. వీధికుక్కలను నూటికి పైగా తెచ్చి, క్లోరోఫారమిచ్చి, అవి చచ్చువరకు చూచిరి. ప్రతిదానికిని మొదట ఊపిరి నిలిచెను, తరువాతనే గుండె నిలిచెనని తీర్పుచెప్పిరి.

లండనునుండి వెలువడు లాన్సెట్టు అను వైద్యపత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు లారీ చేసిన పని నాకు నచ్చినది. పత్రికలో తిట్టుకొనుటకు మారుగా, నమ్మనివానినే పిలిపించెను. ఆరవ నిజామైన మహబూబ్ అలీఖాను ప్రభుత్వము 1000 పౌనులు ఇచ్చి, మీకు నమ్మకమైన వానిని పంపుడని లాన్సెట్టు పత్రికనే కోరెను. ఆ పత్రిక లాడరు బ్రంటను అను పేరెన్నికగన్న వైద్యుని పంపెను. గుండెనొప్పికి అమిల్ నైట్రైటు ఉపశమనమిచ్చునని 1867లో కనుగొన్నవాడీయనయే. క్లోరోఫారము గుండెకు కీడు చేయుననియే ఆయన అంతవరకు నమ్మియుండెను.

1889వ సంవత్సరము చివరి నెలలలో రెండవ విచారణ జరిగెను. కుక్కలు, కోతులు, గుఱ్ఱములు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి నాలుగువందలకు పైగా జంతువులపై పరీక్షలు చేసిరి. ఈసారి కంటిచూపుతో ఊరకుండలేదు. జంతువు ధమనిలో గొట్టమునుంచి, రక్తపు ఒత్తిడి ఎంతయున్నదో తిరిగెడి పీపాకు చుట్టిన కాగితముపై సూది తనంతట గీయునట్లు యంత్రమమర్చిరి. భయమువలనగాని దెబ్బవలనగాని గుండె హఠాత్తుగా నిలుచునేమో యనియు పరీక్షించి, అట్లు కానరాలేదనిరి. బ్రంటను లండనునకు తంతి పంపెను. క్లోరోఫారమువలన ప్రమాదము ఊపిరాడకపోవుటచేతను మోతాదు మించుటచేతనే కాని, తిన్నగా గుండెకు ఏమాత్రమును లేదని దాని సారాంశము. నమ్మనివాడై వచ్చినవాడు నమ్మినవాడై పోయెను. నియమములను పాటించినచో క్లోరోఫారము సర్వథా నిరపాయమని సంఘము ప్రకటించెను.

మన ఊరి విచారణకు ప్రపంచమంతయు చెవియొగ్గినదని తెలిసినప్పుడు నాకు గర్వము కలిగెను. అబద్ధమాడనేల? తరువాతి కాగితములు చదువుచుండగా ఆ గర్వము కొంత దిగిపోయెను.

1893లో ఇంగ్లాండునందు గాస్కెలు, షోరు అను ఇద్దరు హైదరాబాదు విచారణను విమర్శించుచు తమ పరీక్షలను ప్రకటించిరి. క్లోరోఫారము కలిసిన రక్తము ఒక జంతువు మెదడునకు మాత్రమే పోవునట్లు ఏర్పాటు చేసినప్పుడు ఒత్తిడి పడిపోలేదు. గుండెకు చేరినప్పుడు పడిపోయెను. కావున ఆ మందు గుండెనే బలహీనపరచుచున్నదని తేలెను. అంతకు పది పదునైదేండ్ల ముందే గ్లాస్గో నగరపు వైద్యసంఘమొకటి ఇట్టి మాటనే చెప్పియుండెను. పాపము, వారికి వేయి పౌనులిచ్చు నిజాము లేడు.

అయినను లారీ తలవంచలేదు. ఎక్కడ ఎవరు చనిపోయినను ఆయనయొద్ద ఒకే సమాధానము: ఇచ్చినవాడు ఊపిరిని కనిపెట్టలేదు. రోగి బ్రతికినచో సిద్ధాంతము నిజము, చనిపోయినచో మందిచ్చినవాడు అజాగ్రత్తపరుడు. ఈ వాదములో ఓడిపోవుటకు త్రోవయే లేదు. ఓడిపోవుటకు త్రోవలేని వాదమును మీరు పంచాయితీలో విన్నచో ఏమనుకొందురో నేను చెప్పనక్కరలేదు. అది మాటలతో పోయెడి తగవైనను పోనిండు. ఇక్కడ రోగి నాడిపై వ్రేలుంచనక్కరలేదని నేర్చుకొన్న వైద్యులు దూరదేశములలో కూడ ఉండిరి. మందే చంపిన చావునకు తామే హంతకులమని క్రుంగినవారును ఉండవచ్చును.

పొరపాటెక్కడ? జంతువులను గూర్చి వారు అబద్ధము వ్రాయలేదు. చూచినది చూచినట్లే వ్రాసిరి. నేను ఆలోచింపగా ఒక లెక్క తట్టినది. మూడువేలమందిలో ఒక్కడు క్లోరోఫారముచే హఠాత్తుగా పోవుననుకొందము. ఇది ఊహకొరకు చెప్పిన సంఖ్య. ఏడాదికి నూరుమందికి మత్తు ఇచ్చు వైద్యుడు ముప్పది యేండ్లకొక్కమారు ఆ చావును చూచును, లేదా అసలే చూడడు. అట్టి ఆపదను నాలుగువందల జంతువులలో వెదకినచో కనబడకపోవుటయే సహజము. కనబడలేదని చెప్పుట న్యాయము. లేదని చెప్పుట న్యాయము కాదు. మూడువేల బస్తాలలో ఒక బస్తా ముక్కినదై యుండగా నాలుగువందల బస్తాలు చూచి ధాన్యమంతయు మేలని చీటి వ్రాసియిచ్చినట్లున్నది. జాన్ స్నో వెదకినది ఆ చెడిన బస్తాలనే. చనిపోయినవారి కథలను దేశమంతటినుండి ప్రోగుచేసెను. లారీ తనయొద్ద బ్రతికినవారిని లెక్కించెను.

అసలు రహస్యము 1911లో బయటపడెను. లండనునందు గుడ్మన్ లెవీ అను మత్తువైద్యుడు పిల్లులపై పరీక్షలుచేసి, క్లోరోఫారము ఎక్కువైనప్పుడు కాదు, తక్కువగా నున్నప్పుడే ఒక విపరీతము కలుగునని చూపెను. మత్తు తేలికగానుండి, భయమువలనగాని నొప్పివలనగాని శరీరములో అడ్రినలిను అను రసము రక్తములోనికి పొంగినప్పుడు, గుండె కొట్టుకొనుట మాని వణకుట మొదలిడును. చలిజ్వరములో పెదవి అదరునట్లు గుండెకండ అదరును. అదరెడి గుండె రక్తమును తోయలేదు. క్షణములలో ప్రాణము పోవును. తరువాత శవమును కోసి చూచినను ఏ జాడయు కనబడదు. అప్పటికి హృదయపు విద్యుత్తును గీయు యంత్రము వచ్చియుండుటచే ఆ వణకు కాగితముమీద పడెను. తేలికమత్తు, భయము, గోరు తీసిన నొప్పి! అరువదిమూడేండ్ల క్రిందట ఏడ్చుచు మందు పీల్చిన హానా గ్రీనరు చావు అట్టిదే యని నేడు పలువురు వైద్యులు తలంచుచున్నారు.

ఇక్కడ నాకు మిక్కిలి వింతగా తోచిన సంగతి యొకటి కలదు. రోగికి మత్తు పూర్తిగా పట్టకమునుపు కత్తి ముట్టరాదని హైదరాబాదు సంఘపు నియమములలో నొకటి. లెవీ చెప్పిన ఆపదనుండి తప్పించునది సరిగా ఆ నియమమే. అనగా లారీ చేతివాటము మంచిది, ఆయన రోగులు బ్రతికినమాటయు చాలవరకు నిజమై యుండవచ్చును. కాని వారు బ్రతికినది ఆయన చెప్పిన కారణముచేత కాదు. మంచి ఫలితము చూపినవాడు తప్పు కారణము చెప్పగలడు. ఆయన శిష్యుడు కానివాడు ఆ కారణమును మాత్రము గైకొని, ఆ నేర్పును వదలినచో రోగి గతియేమి?

మరియొక చావు వారిలో ఎవ్వరికిని బల్లమీద కానరాదు. 1894లో లియొనార్డు గుత్రీ అను వైద్యుడు క్లోరోఫారము తీసికొన్న పిల్లలు కొందరు చక్కగా మేల్కొని, కొన్ని దినములలో వాంతులతో చనిపోవుచున్నారని వ్రాసెను. వారి కాలేయము చెడుచుండెను. శస్త్రశాలనుండి నడచి వచ్చినవానిని బ్రతికినవారి పట్టికలో చేర్చి పుస్తకము మూసివేసినచో, ఈ చావులు ఏ పట్టికలోను పడవు. 20వ శతాబ్దము మధ్యభాగమునకు క్లోరోఫారము క్రమముగా మూలబడెను. దానిని వాడిన అఫ్జల్‌గంజి ఆసుపత్రి అంతకుముందే, 1908వ సంవత్సరపు మూసీ వరదలో కొట్టుకొనిపోయెను. ఉస్మానియా ఆసుపత్రి తరువాత అక్కడనే లేచెను.

తదుపరి కథ త్వరగా చెప్పెదను. అమెరికాలో బీచరు, టాడ్ అను ఇద్దరు పది విశ్వవిద్యాలయపు ఆసుపత్రులలో 1948 మొదలు 1952 వరకు ఐదేండ్లు జరిగిన ప్రతి మత్తును లెక్కించి 1954లో ప్రకటించిరి. మొత్తము 5,99,548. మత్తు కారణముగా పోయినవారు ఇంచుమించు 1,560 మందికి ఒకరు. కండరములను సడలించు మందులు కూడ ఇచ్చినప్పుడు మరణములు అనేక రెట్లు హెచ్చుగా కనబడెను. ఆ మందు విషమా, లేక ఆ మందు ఊపిరితిత్తుల కండరములను గూడ సడలించగా రోగికి ఊపిరి చాలక పోయెనా అని పెద్ద తగవు పుట్టెను. లారీ వినియున్నచో మీసము మెలిపెట్టియుండును! కాని ఈసారి తగవులో ఇరుపక్షములకును ఎదుట ఒకే పట్టిక యుండెను. చనిపోయినవారును బ్రతికినవారును అందులో చేరియుండిరి.

ఊపిరిపక్షమువారికి గొప్ప జయము 1952లో కోపెన్‌హేగను నగరమున లభించెను. పోలియో జ్వరము ప్రబలి, ఊపిరి కండరములు చచ్చుబడిన రోగులు వచ్చి పడుచుండిరి. మొదటి మూడు వారములలో యంత్రములలోనుంచిన 31 మందిలో 27 మంది చనిపోయిరి. ఇబ్సెను అను మత్తువైద్యుని పిలిచిరి. ఆయన ఆగస్టు 27వ తేదీన పండ్రెండేండ్ల బాలిక గొంతుకలో రంధ్రముచేసి గొట్టముంచి, రబ్బరు సంచిని చేతితో నొక్కి ఊపిరి పోసెను. ఆ పిల్ల బ్రతికెను. తరువాత పదునైదువందల మందిదాక వైద్యవిద్యార్థులు వంతులవారిగా రాత్రింబవళ్లు మంచముల ప్రక్క కూర్చుండి చేతులతో సంచులు నొక్కిరి. మరణములు సగమునకు దిగెను. నేటి ఆసుపత్రులలో అత్యవసర చికిత్సా విభాగమని, ఐ.సి.యు. అని మనము పిలుచునది ఆ మంచముల వరుసనుండి పుట్టినదే.

మా అన్నగారి శస్త్రచికిత్సనాడు నేను బయట బల్లమీద కూర్చుంటిని. ముగిసిన తరువాత ఒక్క నిమిషము లోనికి పిలిచిరి. వారింకను మగతలో నుండిరి. చూపుడువ్రేలికి చిన్న పట్టకారువంటి దొకటి తగిలించియుండెను. కరోనా కాలమున మీలో అనేకులు మీ యిండ్లలో దీనిని చూచియుందురు. 1970 దశకమున జపాను దేశములో అవొయాగి అను యంత్రశాస్త్రవేత్త ఆలోచనవలన పుట్టినది. ప్రక్కనున్న తెరమీద రెండంకెలు వెలుగుచుండెను. ఒకటి గుండె నిమిషమునకెన్నిసార్లు కొట్టుకొనుచున్నదో చెప్పునది, రెండవది ఊపిరి తెచ్చిన ప్రాణవాయువు రక్తములో ఎంత చేరినదో చెప్పునది. నాడి 78, ప్రాణవాయువు 97. మొదటి సాయంకాలము మాతో మాటాడిన వైద్యుడే తలవైపున నిలుచుండి, ఆ రెండంకెలను చూచుచు, ఒక చేయి అన్నగారి రొమ్ముమీద నుంచియుండెను.

"అంకెలు కనబడుచున్నవి గదా, చేయి ఎందుకు బాబూ?" అని అడిగితిని.

"యంత్రము ఒక్కొక్కమారు ఆలస్యముగా చెప్పునండీ" అనెను.